ఎర్రలైటు ఆరాలి

నిచ్చెన మీది లైన్‌మన్ తెగిన ఇంటర్నెట్ కేబుల్ కొనను అందుకోబోతుండగా సైలెన్సర్ పిస్తోలు దగ్గింది. ఒకటే తూటా. కంఠంలోంచి దూసుకుపోయింది. అతను రోడ్డు మీద పడేసరికే ప్రాణం లేదు.

టైము పదిన్నర.

పది నిమిషాల తర్వాత, అదే కంపెనీ నీలం చొక్కా తొడుక్కుని ఏజెంట్ కందిరీగ ఆ వీధి మలుపు తిరిగాడు. చెవిలో చీఫ్ గొంతు గరగరలాడింది.

"ఆస్పత్రి ఆక్సిజన్ ట్యాంకు కింద టైంబాంబు. పదకొండింటికి పేలుతుంది. జనాన్ని కదిలిస్తే ముందే మీట నొక్కేస్తారు. శత్రువుల సర్వర్‌లోకి దూరగలిగింది మన హ్యాకర్ పెద్దమ్మ ఒక్కతే. స్టాప్‌కోడ్ ఆవిడ కంప్యూటర్ నుంచే వెళ్ళాలి. అందుకే నెట్ కోసేశారు, బాగుచెయ్యబోయినవాణ్ణి చంపేశారు."

"ఫైబర్ అతకడం నాకు రాదు చీఫ్."

"టెక్నికల్ వింగ్ నుంచి నెమలి వస్తోంది. నువ్వు కాపలా. ఇంకో మాట. ఆ ఆస్పత్రిలోనే పెద్దమ్మ కూతురుంది. నిన్ననే కాన్పయింది."

పెద్దమ్మ ఉండే అపార్ట్‌మెంటు మెట్ల కింద నీడ కదిలింది. హంతకుడు పిస్తోలు ఎత్తేలోగా కందిరీగ స్క్రూడ్రైవర్ అతని గొంతులో పిడిదాకా దిగింది. శవాన్ని మీటరు పెట్టెల వెనక్కి ఈడ్చి, మూడో అంతస్తు తలుపు తట్టాడు.

"ఎన్ని లైట్లు వెలుగుతున్నాయండీ?"

"ఒక్కటే. అదీ ఎర్రది."

కోడ్ సరిపోయింది. పెద్దమ్మ తలుపు తీసింది. అరవై దాటిన మనిషి, కళ్ళద్దాలు ముక్కు మీదికి జారి ఉన్నాయి. అతని వెనకే పట్టు స్కార్ఫ్ రెపరెపలాడించుకుంటూ నెమలి వచ్చింది.

"చొక్కా మీద ఆ రక్తమేంటి?" అంది పెద్దమ్మ.

"పెయింటు."

నెమలి కిటికీలోంచి కేబుల్ లోపలికి లాగి మోడెం పక్కన కూర్చుంది. పొర ఒలిచింది, స్పిరిట్‌తో తుడిచింది, కొన కోసి కనెక్టర్‌లో దూర్చింది. ఎర్రలైటు ఆరలేదు. మళ్ళీ అతికింది. ఆరలేదు.

పది యాభై నాలుగు.

"కనెక్టర్ పాడైనట్టుంది," అంది నెమలి తాపీగా.

"అమ్మాయ్, కోసిన కొనను బొటనవేలితో ముట్టుకుంటున్నావేం?" అంది పెద్దమ్మ.

"పొరపాటున తగిలిందండీ."

"రెండుసార్లూనా? పాపం, పోయిన ఆ అబ్బాయి మా ఇంటికి ఏడుసార్లు వచ్చాడు. చేతి జిడ్డంటితే వెలుతురు దాటదని నన్ను దగ్గరికే రానిచ్చేవాడు కాదు. టెక్నికల్ వింగ్‌వి, నీకు తెలీదూ?"

నెమలి నవ్వింది. టూల్‌బ్యాగ్‌లోంచి పిస్తోలు బయటికొచ్చింది.

"ఆరు నిమిషాలు నోరు మూసుకుని ఉంటే బతికిపోయేదానివి, ముసలిదానా."

లైను పరీక్షించే లేజర్ పెన్ను కందిరీగ చేతికి అందింది. ఎర్రటి కిరణం సూటిగా నెమలి కంట్లో పడింది. గురి తప్పిన తూటా అతని కుడి భుజాన్ని చీల్చింది. అతను మీదికి దూకాడు. ఆమె తలను గోడకేసి కొట్టాడు. ఆమె కత్తెర అతని కుడి అరచేతిలోంచి అవతలికి దిగింది. ఇద్దరూ పెనుగులాడుతూ బాల్కనీ రెయిలింగ్‌ను గుద్దుకున్నారు. తుప్పు పట్టిన ఇనుము విరిగింది. అతను ఎడంచేత్తో బాల్కనీ అంచు పట్టుకుని వేలాడాడు. పట్టు దొరకని నెమలి సిమెంటు నేల మీద ఎముకలు విరిగి పడింది. మళ్ళీ కదల్లేదు.

కందిరీగ ఎలాగో పైకి ఎగబాకి, పాకుతూ లోపలికి వచ్చాడు. పది యాభై ఎనిమిది. కుడిచెయ్యి ఎత్తబోతే లేవలేదు.

"ఇలా ఇవ్వు నాయనా. ఏడుసార్లు కళ్ళారా చూశాను."

పెద్దమ్మ ఒలిచింది. తుడిచింది. కోసింది. ఊపిరి బిగబట్టి, కొన దేనికీ తగలకుండా దూర్చింది.

ఎర్రలైటు ఆరింది. పచ్చలైటు వెలిగింది. ఆవిడ వేళ్ళు కీబోర్డు మీద పరిగెత్తాయి. పదకొండుకు ఒక్క సెకను ఉందనగా తెర మీద చీఫ్ మెసేజ్ మెరిసింది: బాంబు ఆగింది. తల్లీబిడ్డా క్షేమం.

పెద్దమ్మ ఉన్నచోటే కూలబడి భోరుమంది.

ఇంతలో పక్కింటావిడ తలుపులోంచి తొంగిచూసింది.

"ఏమయ్యా నెట్ అబ్బాయ్, ఎటూ వచ్చావుగా! మాది నాలుగు రోజులుగా రావట్లేదు. ఓసారి చూసి పో!"

తొమ్మిది దేశాల తుపాకులకు వెన్ను చూపని కందిరీగ, భుజం పట్టుకుని వెనక మెట్లవైపు పరుగందుకున్నాడు.