ఎడమవైపు నింపిన బొమ్మ

“ఎడమవైపు ఎవరు నింపమన్నారు?”

బొమ్మల మేస్త్రీ చేతిలో గరుకు కాగితం ఆగింది. బట్టల దుకాణాల అద్దాల వెనక నిలబెట్టే బొమ్మలు చేయడం అతని పని. గుమ్మంలో టైలరమ్మ. ఒక చేతిలో తడిసిన గొడుగు, చంకలో అతను పంపిన మొండెం బొమ్మ.

“మీరు ఫోన్‌లో చెప్పిన కొలతలో ఆ వైపు చదునుగా వచ్చిందండీ. పొరపాటేమోనని సరిచేశాను.”

“నా ఒంటి కొలత నాకు తెలియదా?”

అప్పుడు ఆమె ఎడమవైపు చూశాడు. చూసినందుకు సిగ్గుపడి తల దించుకున్నాడు.

“క్యాన్సర్. పోయినేడు రొమ్ము తీసేశారు. నా బట్టలు కుట్టుకోవడానికి నాలాంటి బొమ్మ కావాలి. ‘అయ్యో’ అన్నారంటే ఇది మీ నెత్తిన పడుతుంది.”

“అనను. దాని బరువు నాకు తెలుసు.”

ఆమె నవ్వు ఆపుకుంది. చుట్టాలందరూ జాలే పంచారు. జాలికి ఖర్చు లేదు. ఎదురు మాట్లాడినవాడు ఇతనొక్కడే.

అతను చదును చేస్తుంటే ఆమె అరలో ఉన్న అచ్చు ముక్కను నొక్కి చూసింది. “సిలికోనా? ఒంట్లో పెట్టేది ఇదేనా?”

“ఇది అచ్చులకు. అది వేరే. ఎలా ఉంటుందో నాకూ చూడాలనుంది.”

“రేపు సర్జన్ దగ్గరికి వెళ్తున్నాను. పెళ్ళి కావాలంటే పెట్టించుకోమని అమ్మ. మళ్ళీ కత్తి ఎందుకని పెద్దత్త. నన్నెవరూ అడగరు. వస్తారా?”

“నేనా?”

“వాళ్ళకు నా పెళ్ళి చూడాలనుంది. మీకు వస్తువు చూడాలనుంది. మీరే నయం.”

మర్నాడు డాక్టరమ్మ రెండు ఇంప్లాంట్లు బల్ల మీద పెట్టింది. “రెండింటికీ పైతొడుగు సిలికోనే. దీన్లో ఉప్పునీరు, దాన్లో జెల్.”

“చిరిగితే?” అన్నాడు మేస్త్రీ.

“ఉప్పునీటిది కుంచించుకుపోతుంది, ఆ నీటిని ఒళ్ళు పీల్చేసుకుంటుంది. జెల్‌ది చిరిగినా తెలియకపోవచ్చు. అందుకే అప్పుడప్పుడు స్కాన్. మీరు భర్తా?”

“కాదండీ. బొమ్మలు చేస్తాను.”

డాక్టరమ్మ కుర్చీ టైలరమ్మ వైపు తిప్పుకుంది.

“జీవితాంతం ఉంటుందా?” అంది టైలరమ్మ.

“మాటివ్వలేను. మార్చాల్సి రావచ్చు. చుట్టూ మచ్చలాంటి పొర బిగిసి గట్టిపడొచ్చు. మీకు రేడియేషన్ ఇచ్చారు, ఆ ప్రమాదం ఎక్కువ. కావాలంటే మీ పొట్ట నుంచి చర్మం, కొవ్వు తీసి రొమ్ముగా మలచొచ్చు. అది పెద్ద ఆపరేషన్. ఆపరేషనే వద్దంటే బ్రాలో పెట్టుకునే కృత్రిమ రొమ్ము ఉంది. ఇలాగే ఉండిపోవడమూ ఒక మార్గమే.”

“స్పర్శ?” అంది టైలరమ్మ.

“మునుపటిలా రాకపోవచ్చు.”

ఇన్నాళ్ళూ సలహాలిచ్చిన వాళ్ళలో ఒక్కరికీ ఈ ప్రశ్న తోచలేదు.

బయట వాన. ఒకే గొడుగు. ఇద్దరి భుజాలూ తడుస్తున్నాయి.

“మీకేది నచ్చింది?” అంది ఆమె.

“జెల్‌ది. పట్టుకుంటే ఎంత మెత్తగా...”

గొడుగు అతని నెత్తి మీంచి తప్పుకుంది.

“మీరూ మా అమ్మలాంటివారే!”

ఆమె వెళ్ళిపోయింది. తన నోటిని తిట్టుకుంటూ అతను వానలో నిలబడ్డాడు. తిట్టుకోవలసిందే.

వారం తిరక్కుండా బొమ్మను మోసుకుంటూ టైలరమ్మ ఇంటికి వచ్చాడు. తలుపు తీసింది తల్లి. లోపల టైలరమ్మ కుట్టుమిషన్ ఆపలేదు.

“మీరు అడిగింది వస్తువు గురించి అనుకున్నాను. బల్ల మీద ఏది బాగుందో చెప్పాను. మీ ఒంటికి ఏది బాగుంటుందో నాకేం తెలుసు?”

మిషన్ ఆగింది.

బొమ్మ ఎడమవైపు చదునుగా ఉంది. అతను జేబులోంచి గుండ్రటి ముక్క తీసి ఆనించాడు. అయస్కాంతంతో అతుక్కుంది. లాగితే వచ్చేసింది.

“మీరు ఏది ఎంచుకున్నా పనికొస్తుంది. తర్వాత మనసు మారినా పనికొస్తుంది.”

తల్లి ఉండబట్టలేకపోయింది. “ఇంతకీ నీకెలా ఉంటే ఇష్టం బాబూ?”

“నాకు మీ అమ్మాయి కావాలండీ. బొమ్మలు నా దగ్గర బోలెడున్నాయి.”

తల్లి కుర్చీ మీది బట్టలు తీసి, “కూర్చో బాబూ,” అంది.

టైలరమ్మ ఆ ముక్కను అరచేతిలో తిప్పి చూసింది. సొరుగులో పెట్టింది. పారేయలేదు.

“ఇప్పటికి ఇలాగే ఉంటాను. ఎప్పుడైనా కావాలనిపిస్తే సొరుగు నేనే తెరుస్తాను.”

“సరే,” అంటూ అతను కూర్చోబోయాడు.

ఆమె మెడలోని టేపు తీసి అతని భుజాల మీద పరిచింది.

“కూర్చోకు. నిటారుగా నిలబడు. పెళ్ళి చొక్కాకి కొలత తీసుకోవాలి.”