మిరియం తిందా?

ఎనిమిది కాళ్ల ప్రాణి కనిపిస్తే నాకున్న రెండు కాళ్లూ ఆడవు. ఆ ముక్క మొదటి రోజే ఒప్పుకుని ఉంటే ఈ కథా లేదు, నాకీ తలవంపులూ లేవు.

నాది వాచీలు బాగుచేసే కొట్టు. పక్కది కళ్లద్దాల కొట్టు. అక్కడ కళ్లు పరీక్షించే అమ్మాయి ఒక వాన సాయంత్రం గొడుగు మడుస్తూ వచ్చి, నా బల్ల మీద చిన్న ప్లాస్టిక్ డబ్బా పెట్టింది.

"పదిహేను రోజులు ట్రైనింగ్‌కి వెళ్తున్నానండీ. మా మిరియాన్ని చూసుకుంటారా? ఇంట్లో పెడితే అమ్మ చీపురు తీస్తుంది."

డబ్బాలో మట్టి మీద గోరంత సాలీడు. టరాంటులా పిల్లట. పెద్దయితే అరచెయ్యంత అవుతుందట. నేను కుర్చీ వెనక్కి జరుపుకున్నాను.

"భయమా?" అంది నా కళ్లలోకి చూస్తూ.

"నాకా! ఇలాంటివి మూడు పెంచాను."

నోరుంది కదా అని కోసేశాను. పాపం, ఆమె ముఖం వెలిగిపోయింది.

"అమ్మయ్య! రెండు రోజులకో చిన్న కీచురాయిని వెయ్యండి చాలు. తినకపోతే మాత్రం తీసేసి, వెంటనే నాకు చెప్పండి. అది ముఖ్యం."

మొదటి కీచురాయిని వాచీ ట్వీజర్‌తో పట్టి, మొహం పక్కకి తిప్పుకుని వేశాను. మిరియం వెనక్కి జరిగింది. సాయంత్రం దాకా ముట్టుకోలేదు. చచ్చీ చెడీ ఆ పురుగుని బయటికి తీశానో లేదో, ఫోన్ మోగింది.

"తిందా?"

మూడు పెంచినవాడు తినలేదని ఎలా చెబుతాడు? "తిందండీ. లొట్టలేసుకుంటూ తింది."

"మీరు తిన్నారా?"

"తిన్నాను."

అదీ అబద్ధమే. ఆ డబ్బా ఎదురుగా ఉంటే నాకు ముద్ద దిగడం లేదు.

ఇంట్లో అమ్మకి చెబితే పగలబడి నవ్వింది. "నువ్వూ అంతేరా. ముద్ద పెడితే మూతి తిప్పేవాడివి. సరేగానీ, ఆ పిల్లకి నిజం చెప్పు."

"చెప్తాలే."

చెప్పలేదు. మూడోసారి కూడా 'తింది' అనేసరికి ఆమె సంబరపడిపోయింది. "అంత ఆకలిగా ఉందా! అయితే ఈసారి కొంచెం పెద్దది వెయ్యండి." వేశాను. ఆ పెద్దది వెళ్లి మట్టిలో దూరింది. తియ్యాలంటే వేళ్లు లోపల పెట్టాలి. నేను పెట్టలేదు.

మర్నాడు కొట్టు తెరిచేసరికి మిరియం వెల్లకిలా పడి ఉంది. దాని పక్కనే కీచురాయి దర్జాగా తిరుగుతోంది.

నేనే చంపేశాననుకున్నాను. వెంటనే ఫోన్ చేశాను.

"మీ మిరియం చచ్చిపోయిందండీ. అది ఒక్కసారి కూడా తినలేదు. నేను జన్మలో సాలీణ్ణి పెంచలేదు. అవంటే నాకు చచ్చేంత భయం. అన్నీ అబద్ధాలే చెప్పాను."

ఆమె అడిగింది ఒకటే, "వెల్లకిలా ఉందా?"

"ఉంది."

"చావలేదు. కుబుసం విడుస్తోంది. దానికి ముందు తిండి మానేస్తాయి. లోపల పురుగుందా?"

"ఉంది."

"అయ్యో! ఇప్పుడు మిరియం ఒళ్లు మెత్తగా ఉంటుంది, ఆ పురుగు కొరికేస్తుంది! ముందు పురుగుని తియ్యండి. మిరియాన్ని మాత్రం ముట్టుకోకండి."

కంటికి భూతద్దం బిగించాను. గోరంత సాలీడు నిజంగానే కొండంత అయింది. వెంట్రుకంత స్ప్రింగుని పట్టే ట్వీజర్‌ని డబ్బాలోకి దించాను. రెండుసార్లు జారిపోయి, మూడోసారి కీచురాయి చిక్కింది. అప్పటికే అది మిరియం కాలొకటి కొరికేసింది.

"ఏడే ఉన్నాయండీ," అన్నాను. నా గొంతు నాకే రోతగా వినిపించింది.

"తినలేదని ఒక్క మాట చెప్పుంటే నాకు అప్పుడే తెలిసేది," అని ఫోన్ పెట్టేసింది.

తల కొట్టేసినట్టయింది. ఆమె ముందు చులకనైపోతానని, ఆమె ప్రాణంగా పెంచుకునేదాన్ని కుంటిదాన్ని చేశాను. ఆ రోజు ఎవరి వాచీ ముట్టుకోలేదు.

ఆ తర్వాత ఆమె అడక్కపోయినా రోజూ మెసేజ్ పెట్టాను. 'కాళ్లు కదుపుతోంది.' 'కోరలు గట్టిపడాలని నెట్‌లో చదివాను, ఇవాళ పురుగు వెయ్యలేదు.' 'వేశాను. తినలేదు. తీసేశాను.' ఒక్కదానికీ జవాబు రాలేదు.

పదిహేనో రోజు మధ్యాహ్నం మళ్లీ జోరున వాన. ఆమె గొడుగు మడిచి, తిన్నగా డబ్బా దగ్గరికి వచ్చింది. నేను తలెత్తలేదు.

"తిందా?"

"తింది. ఇందాకే."

నమ్మలేదు. నా భూతద్దం లాక్కుని, తన కంటికి పెట్టుకుని వంగి చూసింది. మిరియం కోరల మధ్య కీచురాయి ఇంకా మిగిలే ఉంది.

"నిజమే," అంది.

"మరి ఆ కాలు?" అడిగాను.

"మళ్లీ కుబుసం విడిచినప్పుడు మొలుస్తుంది. మొదట చిన్నగా."

"నా మీద నమ్మకం?"

"దానికీ రెండు మూడు కుబుసాలు పట్టొచ్చు."

"మీరంటే నాకిష్టం. అందుకే ఆ రోజు కోతలు కోశాను. ఇది మాత్రం కోత కాదండీ."

ఆమె పెదవి బిగబట్టి నవ్వు ఆపుకుంది. తడి చేతులు తుడుచుకుని, నా వైపు తిరిగింది.

"నువ్వు తిన్నావా?"

'మీరు' ఎప్పుడు రాలిపోయిందో! అలవాటుకొద్దీ 'తిన్నాను' అనబోయాను. నాలుక చివరిదాకా వచ్చింది.

"తినలేదు."

ఆమె స్టూలు లాక్కుని కూర్చుని, తన లంచ్ బాక్స్ మూత తీసింది.