సర్వర్ గదిలోంచి వచ్చిన జవాబు

నేనెప్పుడూ ఏదీ రాయలేదు. ఐదో తరగతితో బడి మానేశాను. తప్పులుంటే ఏమీ అనుకోకండి. ఇది మా తమ్ముడికి జరిగింది, వాడు చెప్పినట్టే రాస్తున్నాను.

ఇద్దరిదీ ఒకే ఆఫీసు. నేను ఊడుస్తాను, వాడు మెయిళ్ళ మిషన్లు చూస్తాడు. ఆ మిషన్లుండే సర్వర్ గదికి మంచి పేరు లేదు. వాడికంటే ముందు ఆ పని చేసిన పెద్దాయన ఒక సాయంత్రం అక్కడే పోయారు. అప్పట్నుంచీ చీకటి పడితే వాచ్‌మన్ కూడా అటు వెళ్ళడు.

మొన్న మేనేజరు తమ్ముడితో అన్నాడట — "చోటు నిండిపోయి మెయిళ్ళు రెండుసార్లు ఆగాయి. మూడోసారి ఆగితే నువ్వు ఇంటికే."

అందుకని వాడు రాత్రి ఆ గదిలోనే కూర్చుని ఒక స్క్రిప్టు రాశాడు. అంటే మిషనుకి రాసిపెట్టే పురమాయింపు. మెయిళ్ళు దాచే ఏ డేటాబేసు ఎంత పెరిగిందో, ఇంకెంత చోటుందో చూసి, ఆ రిపోర్టు ఆఫీసులో అందరికీ పంపిస్తుంది.

పదకొండింటికి నడిపాడు. నలభై శాతం ఖాళీ. హమ్మయ్య అనుకున్నాడు.

ఎందుకైనా మంచిదని మళ్ళీ నడిపాడు. ముప్పై ఒకటి.

మళ్ళీ... పంతొమ్మిది.

ఆఫీసులో మనిషి లేడు. మెయిల్ రాసేవాడు లేడు. మరి నింపుతున్నదెవరు?

అప్పుడు నాకు ఫోన్ చేశాడు.

"అక్కా... చూసినకొద్దీ నిండుతోంది."

"ఏంట్రా నిండేది, నీళ్ళ ట్యాంకా?"

"నవ్వకక్కా. ఇది నిండితే పొద్దున్నుంచి నాకు ఉద్యోగం లేదు."

"మరి తెరిచి చూడరా, లోపల ఏముందో."

మిషన్ల ఫ్యాన్ల హోరులో వాడు టకటకా నొక్కుతున్న చప్పుడు వినిపించింది.

"పెద్దాయన... పెద్దాయన దగ్గర్నుంచక్కా. వేలల్లో జవాబులు..."

నేను లేచి కూర్చున్నాను. "ఏమని?"

గుసగుసగా చదివాడు — "సీట్లో లేను. రేపు పొద్దున్నే వస్తాను."

ఫోన్ కట్టయిపోయింది.

ఎన్నిసార్లు చేసినా ఎత్తలేదు. గంట తర్వాత వాడే చేశాడు. గొంతులో భయం లేదు, కాస్త సిగ్గుంది.

పెద్దాయన రోజూ ఇంటికి బయల్దేరేముందు ఎవరు మెయిల్ రాసినా ఆ జవాబు దానంతటదే వెళ్ళేలా పెట్టి, పొద్దున వచ్చి ఆపేసేవారట. ఆ సాయంత్రమూ పెట్టారు... సీట్లోంచి లేవనేలేదు. అందరికీ ఒకేసారి మెయిల్ వెళ్ళే పట్టీలోంచి ఆయన పేరు ఎవరూ తియ్యలేదు. తమ్ముడి రిపోర్టులా అందరికీ ఏదైనా మెయిల్ వెళ్తే ఆ జవాబూ అందరికీ వెళ్తుంది, ఆయనకి కూడా. దానికి మళ్ళీ జవాబు... రిపోర్టుని మోసుకుంటూ అలా తిరుగుతూనే ఉంది. ఇదివరకు రెండుసార్లు మెయిళ్ళు ఆగిందీ ఇందుకే. తమ్ముడు దాన్ని ఆపేసి, అన్నీ చెరిపేశాడు. ఉద్యోగం నిలిచింది.

"అంతే అక్కా. దెయ్యం లేదు, ఏమీ లేదు. పడుకో."

పడుకున్నాను. రేపు పొద్దున్నే వస్తానన్న ఆ మాటకి నిద్ర పట్టలేదు.

పొద్దున్నే అందరికంటే ముందు వెళ్ళాను. తమ్ముడు రోజూ ఒక్కడే కూర్చోవాల్సిన గది కదా. మూలమూలా తడిగుడ్డ పెట్టి తుడిచాను. తడి ఆరేదాకా గుమ్మం బయటే నిలబడి, ఎవర్నీ లోపలికి పోనివ్వకుండా, అడుగులేమైనా పడతాయేమోనని నేలకేసి చూస్తూ ఉండిపోయాను.