ఇత్తడి అర్ధచంద్రం

రంజాన్ నెల వస్తోందంటే కోయిలకుంట్లలో ఆ ఇంటి ఇత్తడంతా పెరట్లోకి రావాల్సిందే. మౌలాబీ పొద్దున్నే చింతపండూ ఇటుకపొడీ ముందర పెట్టుకుని కూర్చుంది. చెంబులయ్యాయి, తాంబాళాలయ్యాయి, అయినా చేతులు ఊరుకోలేదు. మొగుడు బుడేన్ సాహెబ్ అటక మీద దాచిన పెట్టె గుర్తొచ్చింది.

"వద్దమ్మా కోడలా, దాని జోలికి పోవద్దు. అది వాని పెద్ద పెండ్లాం!" అంది అత్త బీబమ్మ నవ్వుతూ.

బుడేన్ సాహెబ్‌ది గాజుల వ్యాపారం. పిచ్చి మాత్రం వేరే. కాలువ బంగళాల్లో ఇంగ్లీషు దొరలు తమ సీమకు పోతూ సామాన్లు వేలం వేస్తే చాలు, అక్కడ వాలిపోతాడు. అందరూ కుర్చీలూ అద్దాలూ పాడుకుంటుంటే ఈయన పాతకాలపు రెండుకాళ్ల కంపాసులూ, దంతపు కొలబద్దలూ, గీతలు గీసే ఇనుప కలాలూ ఏరుకొస్తాడు. ఇంట్లో ఎవరూ వాటిని ముట్టకూడదు. ఇదెక్కడి చోద్యమమ్మా!

మౌలాబీ పెట్టె దించి తెరిచింది. కోణాలు కొలిచే ఇత్తడి అర్ధచంద్రం ఒకటి నల్లబడి, కిలుము పట్టి కనిపించింది. అయ్యో, ఇంత ఇష్టపడి తెచ్చుకున్నది ఇట్లాగేనా ఉంచుకునేది? మహానంది తిరునాళ్లలో గాజులమ్ముకుని మొగుడు వచ్చేసరికి తళతళలాడిస్తే మురిసిపోతాడనుకుంది. చెంబును తోమినట్టే బలమంతా పెట్టి తోమింది.

మధ్యాహ్నం బుడేన్ సాహెబ్ వచ్చి గాజుల మూట దించాడు. ఎండలో ఆరుతున్న అర్ధచంద్రాన్ని తీసుకుని అటు తిప్పాడు, ఇటు తిప్పాడు. ముఖంలో నెత్తురుచుక్క లేదు.

"ఎవరు తోమిండేది?"

"నేనే. కొత్తదాని మాదిరి లేదా?"

"గీతలు యాడికి పోయినాయి మౌలా?"

"ఏం గీతలు?"

"నూరేండ్ల కిందట ఎవరో కండ్లు పొడుచుకొని చెక్కిన గీతలు! వెంట్రుక కన్నా సన్నం. వాటిల్లో నల్ల లక్క నింపిండారు. అంతా అరగదీసి పెడితివి కదే! ఎవరు ముట్టమనిరి నిన్ను?"

"నల్లంగా ఉంటే మురికనుకొంటి..." అంది మౌలాబీ. అంతలోనే కోపం పొంగుకొచ్చింది. "పెండ్లయినప్పట్నుంచి ఒక్కదినమన్నా ఆ పెట్టె నా ముందర తెరిస్తివా? అవేందో, దేనికో చెప్తివా? దీనికేం తెలుస్తాదిలే అనుకొంటివి. అందుకే చెంబు మాదిరి తోమితి! పెట్టెకుండే విలువ నాకు లేదంటే చెప్పు, మా అమ్మగారింటికి పోతా."

ఉత్తమాట కాదు. లోపలికి పోయి బట్టలు మూట కట్టసాగింది. కళ్లలో నీళ్లు ఆగడం లేదు.

చాలాసేపటికి బుడేన్ సాహెబ్ పెట్టెతో లోపలికొచ్చి చాప మీద కూలబడ్డాడు. దంతపు కొలబద్దనూ భూతద్దాన్నీ ఆమె చేతిలో పెట్టాడు. వద్దనుకుంటూనే చూసింది మౌలాబీ. మామూలు కంటికి మరకలా ఉన్నచోట గీత పక్కన గీత, ఆ రెంటి నడుమ ఇంకా సన్నటి గీతలు! ఒక్కటీ వంకర లేదు. ఒక్కటీ పక్కదాన్ని తాకలేదు.

"యా అల్లా! ఇది మనిషి చేసిందేనా?"

"మనిషే." కాగితం పరిచి, కంపాసు ఆమె వేళ్ల మధ్య పెట్టాడు. "గుండ్రం గీయి."

గీసింది. మొదలెక్కడో, చివరెక్కడో ఆమెకే తెలియలేదు.

"కంపాసు కాళ్ల ఎడం మార్చొద్దు. అదే ఎడంతో గీత మీదనే చుట్టూ అంగలు వెయ్యి."

వేసింది. ఆరో అంగ సరిగ్గా మొదటి చుక్క మీదికే వచ్చి నిలబడింది. మౌలాబీ ఒళ్లు జలదరించింది.

"ఈడికే రావాలని దీనికెవరు చెప్పినారు?"

"ఏమో! చిన్న గుండ్రమైనా, పెద్దదైనా అంతే. నేను చూసిన ప్రతిసారీ నోరు తెరుచుకొనే ఉంటా."

"ఇంత వింత ఇంట్లో పెట్టుకొని నాకు చూపించకపోతివే!"

ఆయన తల దించుకున్నాడు. "గాజులమ్ముకునేవానికి ఇవెందుకని ఊరంతా నవ్వుతాండారు. నువ్వు గూడా నవ్వితే తట్టుకోలేననుకొంటి."

"నవ్వితే నవ్వుదును! నీ పక్కన కూచొనే నవ్వుదును గదా!" అంటూ మౌలాబీ బావురుమంది.

బుడేన్ సాహెబ్ కళ్లు తుడుచుకుని, చాప మీద కొంచెం పక్కకు జరిగాడు.

"ఇట్లా వచ్చి కూచో. ఈసారి పెద్దది గీద్దాం."