పొగమంచు అనే నింజా

రాబర్ట్‌సన్‌పేటలో వెంకటేశయ్య గారి ధాన్యం కొట్టు మేడ మీద ప్రతి ఆదివారం మధ్యాహ్నం ఒక రాజ్యం వెలుస్తుంది. రాగుల బస్తాలు దానికి కొండలు, చెనిక్కాయల మూటలు కోటలు. రాజ్యాన్ని నడిపేది ఆయన కొడుకు యోగేశ్. బల్ల చుట్టూ కూర్చున్న మిత్రులు తలా ఒక వీరుడి పాత్ర తీసుకుంటారు. యోగేశ్ కథ చెబుతాడు. వీరుడు ఏం చేస్తాడో ఆటగాడు చెబుతాడు. అది జరిగిందో లేదో ఇరవై ముఖాల పాచిక చెబుతుంది. దీన్ని రోల్ ప్లేయింగ్ అంటారు. తల్లి విశాలమ్మకు తెలిసిన రోలు మాత్రం ఒక్కటే, దానికి రోకలి కూడా ఉంటుంది.

ఆ జూన్‌లో ఆ బల్ల దగ్గరికి మునిలక్ష్మి వచ్చింది. బజారులో కళ్ళద్దాల షాపులో కళ్ళు పరీక్షించే అమ్మాయి. యోగేశ్ తలనొప్పని వెళ్ళి, కింది వరస చదవమంటే ఆమెనే చదువుతూ కూర్చున్నాడు. చూపు బాగానే ఉందని ఆమె రాసిచ్చింది. చూపులు బాగాలేవని రాయడానికి ఆ కాగితంలో గడి లేదు. మాటల్లో ఆట సంగతి వచ్చింది, ఆదివారం ఆమె వచ్చింది.

తనకు నింజా పాత్ర, అంటే కంటపడకుండా తిరిగే జపాను గూఢచారి, కావాలంది. యోగేశ్ హుషారుగా నల్లముసుగు, తాడు, విసిరే చక్రాలు రాయబోతే పెన్సిల్ లాక్కుంది.

"నల్లగుడ్డ ఎందుకు? పగటిపూట కాకి మాదిరి కనిపిస్తాది."

"మరి దాక్కునేది ఎట్ల?"

"దాక్కోదు. అందరి నడుమే తిరుగుతాది, ఎవురికీ తెలీదు. మా అమ్మ పురుగులింట్లో తిరిగినట్ల."

ములబాగిలు దగ్గర పల్లెలో వాళ్ళది పట్టుపురుగులు సాకే ఇల్లు. పురుగులుండే గదిలోకి చెప్పులతో పోకూడదు. పౌడరు వాసన కూడా తగలకూడదు. పొర విడిచే ముందు పురుగులు తలెత్తి కదలకుండా నిద్రపోతాయి. దాన్ని జ్వరం అంటారు. డాక్టరేం చేస్తాడని యోగేశ్ అడిగితే, డాక్టరు కూడా కాళ్ళు కడుక్కునే లోపలికి రావాలని చెప్పింది.

పట్టింటి పిల్ల, ఒక పట్టాన వదల్లేదు. అడుగుల మెత్తదనానికి పద్దెనిమిది మార్కులు వేసుకుంది. బలానికి ఎనిమిది. వాసన లేకపోవడానికి గడి లేకపోతే కొత్తగా గీసింది. మాటకారితనం దగ్గర మాత్రం ఐదుతో సరిపెట్టుకుంది, చెప్పాల్సింది చీటీలో రాసిస్తుందట. నింజాకు పొగమంచు అని పేరు పెట్టింది.

రహస్యంగా చేసే పనులు చీటీలో రాసి కథ నడిపేవాడికి ఇవ్వడం ఆ ఆటలో మామూలే. కిటికీ అవతల కేజీఎఫ్ బంగారు గనుల మట్టి పోసిన సైనైడ్ దిబ్బలు వానలో కరిగిపోతున్న మబ్బుల్లా ఉండేవి. రేకుల మీద చినుకులు, బల్ల కింద నుంచి చీటీలు. 'రాజుగారి కిటికీ కింద నిలబడి వాన వింటావుండాను. ఇట్లు, పొగమంచు.' యోగేశ్ అది చదివి, రాజుగారు తానే అయినట్టు కాసేపు కథ మరిచిపోయేవాడు. మనసులో మాట చెప్పాలి. వచ్చే వారం చెబుదాం. ఆ వచ్చే వారం ఎప్పుడూ వచ్చే వారమే.

ఆగస్టులో ఒక ఆదివారం చీటీ వచ్చింది. 'ఈ రాజ్యంలో నాకు ఇదే ఆఖరి దినం. మా ఊరికి పోతావుండాను. పోవద్దని ఎవరన్నా అంటే నిలబడతాను.'

నింజా కథకు ఎంత మంచి మలుపు అని యోగేశ్ పొంగిపోయాడు. పాచిక వేయమన్నాడు. పంతొమ్మిది పడింది, అంటే పని జరిగినట్టే.

"పొగమంచు కోట దాటి వెళ్ళిపోయింది. ఎవరూ చూడలేదు, ఎవరూ ఆపలేదు," అని గంభీరంగా ప్రకటించాడు.

పక్కనున్న మిత్రుడు మునేష్ చప్పట్లు కొట్టాడు. మునిలక్ష్మి యోగేశ్ వైపు ఒక్క క్షణం చూసి, గొడుగు తీసుకుని మెట్లు దిగింది. నటన అంటే ఇదీ అనుకున్నాడు ఆ మహారాజు.

తరువాతి ఆదివారం ఆమె కుర్చీ ఖాళీ. సోమవారం కళ్ళద్దాల షాపుకు వెళితే, వాళ్ళమ్మ జారిపడి కాలు విరిగిందని, అమ్మాయి ఉద్యోగం మానేసి ఊరికి పోయిందని చెప్పారు. యోగేశ్ జేబులోంచి చీటీ తీశాడు. ఇన్నాళ్ళూ ప్రతి చీటీ కిందా పొగమంచు అని ఉండేది. దీని కింద మునిలక్ష్మి అని ఉంది.

మరునాడు పొద్దున్నే ములబాగిలు బస్సెక్కాడు. కథలో మనిషి పోతే మళ్ళీ పుట్టించవచ్చు. ఇక్కడ ఆ వసతి లేదు.

ఇంటి ముందు మంచం మీద కాలికి కట్టుతో మునిలక్ష్మి తల్లి మునివెంకటమ్మ కూర్చుని ఉంది.

"ఎవురప్పా నువ్వు?"

"కేజీఎఫ్ నుంచి వచ్చినానమ్మా. మునిలక్ష్మితో ఆట ఆడేవాణ్ణి."

"ఆడేవాళ్ళు చానామంది ఉంటారు. పని చేసేవాడివైతే కాళ్ళు కడుక్కోని లోపలికి పో."

లోపల మునిలక్ష్మి తట్టల్లో మల్బరీ ఆకు పరుస్తోంది. అతన్ని చూసి ఇంకో తట్ట ముందుకు లాక్కుంది.

"చీటీ కథ అనుకుంటి," అన్నాడు యోగేశ్. "కింద పేరు చూడలేదు."

"అందరి ముందర పొమ్మంటివి."

"పాచిక పొమ్మనింది."

"పాచికకు నోరు యాడుండాది? చెప్పింది నువ్వే కదా."

పారిపోవడానికి ఇంక దారి లేదు. "అమ్మ కోసం వచ్చినావు, దాన్ని వద్దనేకి నేనెవురు? పోవద్దని చెప్పేకి రాలేదు," అన్నాడు. "నువ్వంటే నాకు ఇష్టం. అది చెప్పేకి వచ్చినాను. ఆ కథ నెల కిందటే అయిపోవాల్సింది. నువ్వు రావాలనే సాగదీసినాను."

మునిలక్ష్మి చేతిలో ఆకు ఆగింది. "తెలుసు. కథలో ఆ రాక్షసుణ్ణి మూడుసార్లు చంపితిమి. ప్రతి ఆదివారం లేచి కూర్చునేవాడు."

ఇద్దరికీ ఒకేసారి నవ్వొచ్చింది. నాలుగో జ్వరం నుంచి లేచిన పురుగులు ఆకలి మీదున్నాయి. వేలకు వేల నోళ్ళు ఆకు తింటుంటే గదంతా సన్నని వాన కురుస్తున్న చప్పుడు. బయట మాత్రం ఎండ. ఆ తడవని వానలో ఇద్దరూ అలాగే నిలబడిపోయారు.

"వినిపిస్తావుండాది," అంది బయటినుంచి మునివెంకటమ్మ. "మీ అమ్మానాయన్ను పట్టుగూళ్ళు విడిపించినాక పిలుచుకొని రాప్పా. ఇప్పుడొస్తే కాఫీ పెట్టే తీరిక గూడా లేదు."

ఎన్నాళ్ళని యోగేశ్ మెల్లగా అడిగాడు. ఆకు తినేది ఏడు రోజులు, గూడు అల్లేది ఐదు రోజులని మునిలక్ష్మి లెక్క చెప్పింది.

"పన్నెండు దినాలు," అన్నాడు.

"పదమూడు పెట్టుకో. ఒగ దినం మా అమ్మ నిద్రపోవాల."

"అంతవరకూ?"

ఆమె ఆకుల గంప తీసి అతని చేతుల్లో పెట్టింది. "ఆకు కొయ్యాల. రేపు పొద్దున్నే తోట కాడికి రా."