చింతాలు మూలుగు

ఆ రొయ్యల షెడ్డులో ఒక్క మనిషికే నొప్పులుండేవి. ఆమె చింతాలు, పక్కనే రొయ్యలు వొలిచే నూకరత్నానికి తమ్ముడి భార్య. మిగతా అందరి జబ్బలకూ శమనపట్టీలున్నాయి. ఒంట్లో ఎక్కడ వాపు మొదలైనా పట్టీ పసిగట్టి, నొప్పి తెలియకముందే మందును రక్తంలోకి వదిలేస్తుంది. పొద్దస్తమానం మంచు పక్కన నిలబడి రొయ్యలు వొలిచినా నడుమన్నది గుర్తుకు రాదు. చింతాలుకు పట్టీ పడలేదు, వేస్తే ఒళ్లంతా దద్దుర్లు. అందుకని మధ్యమధ్య కూలబడేది, మూలిగేది, ఇన్ని నీళ్లు తాగేది. బుట్ట నిండేదాకా గొంతు తడపకూడదన్నది షెడ్డు ఆనవాయితీ. తాగితే ఒంటేలుకు పోవాలి, పోతే వరస ఆగుతుంది.

"నీ మూలుగు వినలేక సస్తన్నామే," అని నూకరత్నం దెప్పని రోజు లేదు.

ఇప్పుడు అదే నూకరత్నం ఆసుపత్రిలో డాక్టరమ్మ ముందు కూర్చుంది. లోపల, అదే షెడ్డులో పనిచేసే తమ్ముడు సింహాద్రి ఒళ్లంతా ఉబ్బి పడున్నాడు. రెండు మూత్రపిండాలూ పోయాయి.

"నాది తీసి పెట్టండమ్మా. నొప్పన్నదే తెలీదు నాకు."

"మీవీ సగం పోయాయి," అంది డాక్టరమ్మ మెల్లగా. "పట్టీలోని మందు మూత్రపిండాలకు వెళ్లే రక్తాన్ని తగ్గిస్తుంది. నీళ్లు తాగని ఒంట్లో మరీను. పట్టీ నొప్పినే చూస్తుంది, మూత్రపిండం చెడేటప్పుడు నొప్పి పుట్టదు. షెడ్డులో అందరివీ పరీక్షించాం. చెడనివి చింతాలుగారివే, మీ తమ్ముడికి సరిపోతాయి కూడా."

నూకరత్నం ఏ మొహం పెట్టుకుని అడుగుతుంది? గుమ్మం దగ్గర నిలబడ్డ చింతాలు అంతా విన్నది.

"నువ్వడగక్కర్లేదొదినా. ఇస్తాను. నా మొగుడే కదా."

"ఒక్క మాట," అంది డాక్టరమ్మ. "కోత తర్వాత నొప్పికి మా దగ్గరున్నది ఆ పట్టీ మందొక్కటే. మీకు పడదు, ఒక్క మూత్రపిండంతో అసలే కూడదు. లోకమంతా పట్టీలే అయ్యాక వేరే మందులు చేయడం ఎప్పుడో మానేశారు."

"నొప్పి నాకు కొత్త కాదండి."

కోత అయింది. సాయంత్రానికి సింహాద్రి ఒళ్లు తేటపడసాగింది. పక్క గదిలో చింతాలుకు మత్తు దిగింది. పెదవి కరుచుకుని గోడవైపు తిరిగి పడుకుంది. నొప్పితో మెలికలు తిరిగే మనిషిని నర్సు పుట్టి బుద్ధెరిగి చూడలేదు, భయపడి బయటికి పోయింది. నూకరత్నం గుమ్మంలోనే ఆగింది. ఇలాంటప్పుడు ఏం చేయాలో ఆమెకు మాత్రం ఎవరు నేర్పారు గనక!

"ఎందుకే అలగ బిగబట్టుకుంటన్నావు?"

"నీకు గిట్టదు కదొదినా."

నూకరత్నం కళ్లు నిండాయి. మంచం పక్కన చతికిలబడి ఆ చెయ్యి రెండు చేతులతో పట్టుకుంది.

"మూలుగు తల్లీ. ఎంతసేపైనా మూలుగు. నేనింటాను."