లెక్కల మేడమ్ నవ్వింది

మొదటిరోజే ఇద్దరికీ పడలేదు.

చెప్పుల షాపు పైన మూడో అంతస్తులో నడిచే కోచింగ్ సెంటర్ అది. ఎంట్రన్స్ మాక్ టెస్టులో లెక్కలు తప్పినవాళ్లందరినీ చివరి గదిలోకి తోసేవారు. వాళ్లకు పాఠం చెప్పేది లెక్కల మేడమ్. పక్క గదిలో ర్యాంకులొచ్చే పిల్లలకు చెప్పే అతన్ని అందరూ షార్ట్‌కట్ సార్ అనేవారు.

ఆ రోజు అతను మార్కర్ అడగడానికి వచ్చి, బోర్డు మీద భిన్నాలు చూసి ఆగిపోయాడు.

"ఎంట్రన్స్‌కి ఎనిమిదో తరగతి లెక్కలా మేడమ్?"

"పునాది లేకుండా కట్టడం మీకొచ్చేమో సార్. మాకు చేతకాదు."

పిల్లలు కిసుక్కున నవ్వారు. అతను మార్కర్ తీసుకోకుండానే వెళ్లిపోయాడు.

అతని క్లాసులోంచి చివరి గదికి వచ్చిన ఓ బక్కపల్చటి అమ్మాయి ఉండేది. ప్రశ్నాపత్రం చూస్తే చాలు, చేతులకు చెమటలు పట్టేవి. మేడమ్ ఆ పిల్లకు ముందు లెక్క చేయించలేదు. ఎక్కడ భయమేస్తోందో చెప్పమంది. మైనస్ గుర్తు దగ్గరని తేలింది. అక్కణ్ణించి మొదలుపెట్టారు. కొన్నాళ్లకు ఆ పిల్ల బోర్డు దగ్గర నిలబడి త్రికోణమితి చేస్తుంటే, గుమ్మంలోంచి చూసిన షార్ట్‌కట్ సార్ లెక్క పూర్తయ్యేదాకా అక్కడే నిలబడిపోయాడు.

ఆ తర్వాత తీరిక దొరికితే చాలు, వచ్చి చివరి బెంచీలో కూర్చునేవాడు. పిల్లల్లో ఒకడిలా చెయ్యెత్తి డౌట్లు అడిగి ఆమెను ఆటపట్టించేవాడు. వానపడితే ఒకే గొడుగు కింద బస్‌స్టాపుకి నడిచేవారు. దారంతా పోట్లాటే. గొడుగు మాత్రం ఎప్పుడూ ఆమె వైపే వంగి ఉండేది. అతని భుజం తడిసి ముద్దయ్యేది. ఆమె చూసేది, చూడనట్టు ఉండేది.

ఒక మధ్యాహ్నం స్టాఫ్‌రూమ్‌లో అన్నాడు, "మేడమ్, ఆదివారం మా అమ్మని మీ ఇంటికి పంపనా?"

రోజూ ఉండే వేళాకోళమే అనుకుంది.

"పెళ్లిక్కూడా షార్ట్‌కట్టేనా సార్? స్టెప్పులు రాయకపోతే నేను మార్కులు వెయ్యను" అని పకపకా నవ్వింది. ఫిజిక్స్ మాస్టారు బల్ల చరిచి మరీ నవ్వాడు. అతనూ నవ్వాడు. కానీ చెవులు ఎర్రబడ్డాయి.

నెల తిరక్కుండానే వేరే ఊళ్లో ఉద్యోగం వచ్చిందని చెప్పి వెళ్లిపోయాడు.

ఆ తర్వాతోసారి క్లాసులో ఒక కుర్రాడు తేలికపాటి డౌట్ అడిగితే మిగతావాళ్లు నవ్వారు. "అడిగినవాణ్ణి చూసి నవ్వకండి. అడగడానికి ఎంత ధైర్యం కావాలో మీకేం తెలుసు?" అని కసిరింది. ఆ మాట తిరిగి తనకే తగిలింది. ఆ పూట పాఠం సాగలేదు.

ఎన్నిసార్లో ఫోన్ చేతిలోకి తీసుకుంది. ఏమని చెప్పాలో తోచక, పిల్లల పరీక్షలు కానీ అనుకుంది. అవయ్యాక, రిజల్ట్స్ రానీ అనుకుంది.

వచ్చాయి. బక్కపల్చటి అమ్మాయికి సీటొచ్చేంత ర్యాంకు వచ్చింది. తండ్రిని వెంటబెట్టుకుని పరిగెత్తుకొచ్చింది. షార్ట్‌కట్ సార్ కూడా ఫోన్ చేశారనీ, మేడమ్ ఎలా ఉన్నారని అడిగారనీ చెప్పింది. వాళ్లను క్లాసులో కూర్చోబెట్టి, మేడమ్ స్టాఫ్‌రూమ్‌లోకి వెళ్లి తలుపు వేసుకుని అతనికి ఫోన్ చేసింది.

"సార్, ఆ రోజు మీరడిగినదానికి నేను జవాబు చెప్పలేదు."



"పోయిన నెలలో ఇంట్లో సంబంధం ఖాయం చేశారు మేడమ్. నేనూ సరేనన్నాను" అన్నాడు. "ఆలోచించి చెప్తానని మీరు ఒక్కమాట అని ఉంటే, ఏళ్లయినా ఆగేవాణ్ణి."

"మంచి అమ్మాయేనా?"

"మంచిదే."

"అయితే సంతోషం సార్" అని ఫోన్ పెట్టేసింది. మొహం కడుక్కుని బయటికొచ్చింది కానీ కళ్లు మాట వినలేదు.

ఆ అమ్మాయి కంగారుగా లేచి నిలబడింది. "ఏంటి మేడమ్, నా ర్యాంకుకే ఏడుస్తున్నారా?"

ఆమె ఆ పిల్లను దగ్గరికి లాక్కుంది.

"అవునే. నీ ర్యాంకుకే."